చేతులు మారే వెచ్చదనం

సముద్రంలోంచి ఇంకా పైకి లేస్తూనే ఉన్న దీవీ, ఇగ్లూలిక్!

కెనడాలో ఉత్తరాన, నునావుత్‌లో, ఫాక్స్ బేసిన్ సముద్రం తలాపున, 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి నువ్వు పడుకొని ఉన్నావు. చెట్టు లేదు, ఎత్తైన కొండ లేదు. సున్నపురాయి, గులకరాళ్ళు, గాలి. ఒకప్పుడు నీ వీపు మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకొని ఉండేది. ఆ బరువు కరిగిపోయి వేల ఏళ్ళయినా నువ్వు ఇప్పటికీ నడుమెత్తుకుంటూనే ఉన్నావు. నువ్వు లేచిన కొద్దీ సముద్రం ఒక్కో గులకరాళ్ళ గట్టును నీ ఒంటి మీద వదిలి వెనక్కి జరిగింది. గట్టు పైన గట్టు, దాని పైన మరో గట్టు. నీళ్ళ పక్కన ఈనాటి ఇళ్ళు. వాటికి ఎగువన ‘తూలే’ అనే పాతకాలపు జనం తిమింగలపు ఎముకలు వాసాలుగా వేసుకున్న ఇళ్ళ గుంతలు. ఇంకా ఎగువన వాళ్ళకు ముందటి డోర్సెట్ జనం ఆనవాళ్ళు. అన్నిటికీ పైన, దాదాపు 50 మీటర్ల ఎత్తున, 4000 ఏళ్ళనాటి పొయ్యిరాళ్ళు. అందరూ నీళ్ళ ఒడ్డునే కాపురం పెట్టారు. నీళ్ళే దిగిపోయాయి.

ఆ మెట్ల మీద ఒక్క ఊరు కాదు, నాలుగు వేల ఏళ్ళ సంసారం నిలబడి ఉంది. నీ చలి గురించి లోకం చాలా పాడింది. నీ మంచులో చిక్కుకున్న ఓడల గురించి, నీ ఎలుగుబంట్ల గురించి, ఆకలితో పోయిన నావికుల గురించి పుస్తకాలు నిండాయి. నేను నీ వెచ్చదనాన్ని పాడతాను. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి, ఒక పేరులోంచి ఇంకో పేరులోకి, ఇన్ని వేల శీతాకాలాల్లో ఒక్కసారి కూడా పూర్తిగా ఆరకుండా నడిచివచ్చిన ఆ వెచ్చదనాన్ని పాడతాను.

నవంబరు ఆఖరున దక్షిణాన మునిగిన పొద్దు జనవరి నడిమిదాకా నీకు మొహం చూపదు. అలాగని ఆ రోజులన్నీ కాటుక చీకటి కావు. మధ్యాహ్నం వేళ దక్షిణాన నీలమూ గులాబీ కలిసిన సందెవెలుగు కాసేపు నిలుస్తుంది. నిండు చంద్రుడు చాలాసేపు ఎత్తున నిలిచి మంచు మీద నీడలు గీస్తాడు. డిసెంబరు నడుమ ఒక వేకువన ఈశాన్యాన రెండు చుక్కలు పొడుస్తాయి. ఆగ్జూక్ అంటారు వాటిని. అవి మనకూ తెలిసిన చుక్కలే, శ్రవణా నక్షత్రంలోని మూడింటిలో రెండు. మన పంచాంగంలో నెలకోసారి చంద్రుడు ఆగి వెళ్ళే ఆ మజిలీ, అక్కడ చీకట్లో కూర్చున్న తల్లికి పొద్దు తిరుగుముఖం పట్టిందన్న కబురు.

ఇగ్లూలిక్ ఇన్యూట్ పెద్దలు తమకు గుర్తున్నవన్నీ 1986 నుంచి చెబుతూ రికార్డు చేయించి దాచిపెట్టారు. పొద్దు ఇంటికి వచ్చిన రోజు ఏంచేసేవారో ఆ మాటల్లో ఉంది. అంతదాకా పిల్లలు వేళ్ళకు దారం చుట్టి బొమ్మలు అల్లే ఆట ఆడుకునేవారు. పొద్దు కనబడగానే ఆ ఆట కట్టిపెట్టాలి, లేకపోతే పైకెక్కే పొద్దు ఆ దారాల్లో చిక్కుకుంటుంది. బదులుగా తూట్లున్న ఎముకను ఎగరేసి పుల్లమొనకు గుచ్చే ఆట మొదలుపెట్టాలి, ఎగిరే ఎముకతోబాటు పొద్దూ త్వరగా పైకి లేస్తుంది. పొద్దు వాళ్ళకు ఆడపడుచు, చంద్రుడు ఆమె అన్న. ఇన్నాళ్ళకు గడపలోకి వచ్చిన ఆ ఆడపడుచును చూసి సగం మొహంతోనే నవ్వాలట. ఒక చెంపకు నవ్వు, వచ్చిన వెలుగు కోసం. రెండో చెంప బిగించే ఉంచాలి, చలి ఇంకా పోలేదు గనక. ఇంత నిజాయితీగల స్వాగతం నేనెక్కడా వినలేదు.

ఆపైన పిల్లలు ఇంటింటికీ పరుగెత్తి దీపాలన్నీ ఆర్పేసేవారు. గడ్డకట్టే చలిలో, చేజేతులా. తరవాత ఒక్క కొత్త నిప్పు పుట్టించి, ఆ ఒక్కదానితోనే అన్ని దీపాలూ మళ్ళీ వెలిగించేవారు. పాత మంట పాత ఏడుతో పోయింది. కొత్త మంట ఒక ఇంట పుట్టి ప్రతి ఇంటికీ నడిచింది. ఏ ఇంట్లో ఏ దీపం వెలుగుతున్నా అది పొరుగింటిదే. ఇప్పుడు కూడా జనవరిలో పొద్దు వచ్చే రోజులు ఊరికి పండగ. బడిపిల్లలు చేరతారు, పాటలు పాడతారు, ముసలమ్మ రాతిదీపం ముందు కూర్చుంటుంది.

ఆ దీపానికి ఎన్నిసార్లు మొక్కినా నాకు తనివి తీరదు. ఖుల్లిక్ దాని పేరు. మెత్తటి రాతిని అర్ధచంద్రంగా తొలిచి చేసిన మూకుడు. అందులో సీల్ కొవ్వు. తిన్నటి అంచు పొడవునా ఎండునాచు, వేసవిలో ఏరి దాచిన పత్తిగడ్డి దూది కలిపి నలిపిన వత్తి. చిన్న పుల్లతో ఇల్లాలు ఆ వత్తిని సవరిస్తూ ఉంటుంది. మంట ఎగసిందా, పొగ చూరుతుంది. తగ్గిందా, చీకటి దూరుతుంది. ఒక చివరనుంచి ఇంకో చివరదాకా దంతాల వరసంత సమంగా, చిన్నగా, తెల్లగా నిలవాలి మంట. మంచుగడ్డ కరిగి తాగునీరయ్యేది దాని మీద, మాంసం ఉడికేది దాని మీద. పైన కట్టిన దండెం మీద తడి జోళ్ళూ చేతితొడుగులూ ఆరేవి. అదే పొయ్యి, అదే బావి, అదే ఎండ. మగవాడు ఇల్లు కట్టేవాడు గానీ, దాన్ని కాపురం చేసింది ఈ దీపం. దీపం ఇల్లాలిది.

ఆ నూనె ఎక్కడిది? వసంతంలో పొద్దు మంచు మీద పడుతుంది. సముద్రపు మంచు అడుగున, ఆ సన్నటి వెలుగులో, కంటికి ఆనని నాచు పెరుగుతుంది. దాన్ని చిన్న రొయ్యల వంటి పురుగులు మేస్తాయి. వాటిని ధ్రువపు కాడ్ చేప తింటుంది. ఆ చేపను సీల్ తిని, వేలెడు మందాన కొవ్వు పట్టి, మంచులో తాను గీరుకున్న రంధ్రం దగ్గరికి ఊపిరికోసం వస్తుంది. అక్కడ ఒకడు గాలికి వీపు పెట్టి, గంటలకొద్దీ కదలకుండా, పొడవాటి ఈటెతో నిలబడి ఉంటాడు. డిసెంబరు చీకట్లో ఇల్లాలి దీపంలో కాలుతున్నది గడిచిన వసంతపు ఎండ. మంచు, నాచు, పురుగు, చేప, సీల్, వేటగాడు, ఇల్లాలు - ఇన్ని చేతులు మారి వచ్చిన సూర్యుడికి ఇంతకన్నా మంచి ఆలయం ఎవరు కడతారు?

అందుకే సీల్‌ను మంచు మీదికి లాగగానే దాని నోట్లో ఇన్ని మంచినీళ్ళు పోసేవారు. ఉప్పునీళ్ళలో బతికే ప్రాణి, దప్పికతో ఉంటుంది. దప్పిక తీర్చినవాడి దగ్గరికే మళ్ళీ వస్తుంది.

పొద్దు పెరుగుతుంది. వేటగాడు చెయ్యి చాచి, చేతితొడుగును అడ్డంగా దిగంతానికి ఆనించి కొలుస్తాడు. దిగంతానికీ పొద్దుకూ నడుమ ఒక తొడుగు మందం పట్టిందంటే దూరప్రయాణాలకు వెలుగు చాలినట్టే. కుక్కలకు కొలత తెలియదు, వాటికి యజమాని అడుగుల వేగంలోనే తెలుస్తుంది, కట్లు తెంపుకొనేలా గంతులేస్తాయి. ఈ మంచులో దారి వెతుక్కోవడం ఒక విద్య. ఆకాశమూ నేలా ఒకే తెలుపులో కలిసిపోయి చుక్కా కొండా ఏదీ కనబడని రోజున, వాయవ్యపు పడమటి గాలి చెక్కిన మంచు నాలుకలు బండి కింద తగులుతాయి. ఉవాంగ్నాక్ ఆ గాలి. ఆమె ఆడది, విసురుగా వస్తుంది, ఉన్నట్టుండి అలిసి ఊరుకుంటుంది. ఆమెకు ఎదురుగా ఆగ్నేయం నుంచి వీచే నిగిక్ మగగాలి. ఆమె గట్టిగా చెక్కిపెట్టిన నాలుకలు అతని చేతుల్లో కూడా అంత సులువుగా చెరిగిపోవు. వాటిని ఒకే వాలులో దాటుకుంటూ పోతే ఊరు వస్తుంది. కళ్ళు మూసుకుపోయినా కాళ్ళకు తెలిసే దారి అది.

1822లో బ్రిటిష్ నావికుడు ఎడ్వర్డ్ పారీ ఓడలు ఈ ప్రాంతంలో మంచులో ఇరుక్కున్నప్పుడు ఇలిగ్లియుక్ అనే ఇన్యూట్ ఇల్లాలు పెన్సిలు పట్టుకొని ముందున్న తీరమంతా గీసి ఇచ్చింది. ఎక్కడ వంపు, ఎక్కడ దీవి, పడమటికి దారి ఎక్కడ సన్నబడుతుందో అన్నీ ఉన్నాయి అందులో. వాళ్ళు ఆ జలసంధికి తమ ఓడల పేర్లు ఫ్యూరీ, హెక్లా అని పెట్టుకొని పోయారు. ఆమెకు ఆ దారి భర్తతో, పిల్లలతో, కుక్కలతో నడిచిన సంసారపు దారి. ఆమె చేతికి నా నమస్కారం.

వసంతమా! నిన్ను రెండు ముక్కలుగా పిలుస్తారు ఇక్కడ, ముందు వసంతం, అసలు వసంతం. ఏడాదికి ఆరు రుతువులు వీళ్ళకు, మనకు ఉన్నట్టే ఆరు. ముందు వసంతంలో మంచు కింది గుహల్లో తెల్లటి ఊలుతో సీల్ పిల్లలు పుడతాయి. ఏప్రిల్‌లో మంచు పిచ్చుకలు వస్తాయి, నలుపూ తెలుపూ రెక్కలతో. ఇంటి కప్పు మీద వాటి మొదటి కూత వినబడితే ముసలివాళ్ళు కూడా తలుపు తీసి బయటికి వస్తారు. మే నెల నడుమ పొద్దు అస్తమించడం మానేస్తుంది. జూలై చివరిదాకా ఇక రాత్రి లేదు.

అప్పుడు ఊరు ఊరంతా మంచు మీదికి కదులుతుంది. స్నోమొబైల్ వెనక ఖాముతిక్ బండి. మేకు లేకుండా తాళ్ళతో అడ్డపట్టీలు బిగించిన ఆ చెక్కబండి మంచు ఎగుడుదిగుడుల మీద విరగకుండా వంగుతూ పోతుంది. దాని మీద చెక్కపెట్టె, పెట్టెలో తోళ్ళు పరిచి అవ్వ, మనవళ్ళు, టీ కెటిలు, గుడారం, రొట్టెపిండి. సరస్సు మంచుకు తూటు పొడిచి అందరూ బోర్లా పడుకుంటారు. పైకోటు టోపీతో వెలుగు కమ్మి లోపలికి చూస్తే ఆకుపచ్చ నీళ్ళ అడుగున ఎర్రపొట్ట చేపలు కదులుతుంటాయి. ఆర్కిటిక్ చార్ అది, పచ్చిగానే నోట్లో కరిగిపోయే చేప. గంటలు మనుషుల్ని వదిలేస్తాయి. పిల్లలు అర్ధరాత్రి ఎండలో ఆడుతుంటారు, నిద్ర వచ్చినచోట పడుకుంటారు, ఆకలేసినప్పుడు లేస్తారు. వాళ్ళనెవరూ అదిలించరు. పసివాణ్ని కసిరిన పెద్దవాడే పసివాడైపోయినట్టు ఇక్కడ లెక్క. సీల్‌లు రంధ్రాల పక్కన ఎండకు పడుకొని, కాసేపు కునికి, తలెత్తి చూసి, మళ్ళీ కునుకుతాయి. ఆ కునుకుకీ ఆ చూపుకీ మధ్య ఒక కుర్రవాడు పొట్ట మీద పాకుతూ ముందుకు పోవడం నేర్చుకుంటాడు.

ఆ కుర్రవాడు మొట్టమొదటి సీల్‌ను కొట్టిన రోజు చూడాలి. అది అతనిది కాదు. మంచి ముక్క అతను పుట్టిననాడు పురుడు పోసిన అమ్మకు పోతుంది. మిగతాది ఊరికి. తల్లిదండ్రులు చూస్తుండగా, అవ్వలు వచ్చి కోసుకొని తీసుకుపోతుంటే, వాడు ఏమీ మిగుల్చుకోకుండా నిలబడతాడు. మనిషిగా నిలబడటమంటే చేతులు ఖాళీ చేసుకోవడమని వాడికి ఇంకెవరూ వేరే పాఠం చెప్పనక్కరలేదు.

వేసవి చిన్నది, వేసవి ఆత్రమైనది. జూన్‌లో గులకరాళ్ళ మధ్య ఊదారంగు సాక్సిఫ్రేజ్ పూలు తొందరపడి విచ్చుకుంటాయి. నునావుత్ తన పువ్వుగా ఎంచుకున్నది దాన్నే. ఎత్తు పెరగని విల్లో మొక్కలు నేలను కరుచుకొని పాకుతాయి, ఈ నేల మీద అడవి అంటే అదే. దక్షిణధ్రువపు సముద్రాల దాకా పోయిన టెర్న్ పక్షులు ఏడాదికి రెండు వేసవులు చూసుకొని ఇక్కడ గుడ్లు పెడతాయి. తడిమట్టి చోట పత్తిగడ్డి తెల్లటి తలలు ఊపుతుంది, ఆ దూదిని కోసి సంచుల్లో నింపేవారు ఆడవాళ్ళు, చీకటిరోజుల వత్తి కోసం. దోమలూ ఉన్నాయి, కారిబూ జింకలను సైతం పరుగుపెట్టించే దోమలు. వాటిని కూడా నా స్తోత్రంలోంచి తోసెయ్యను, ఎన్ని పిట్టల పిల్లలు వాటిని తిని రెక్కలు తెచ్చుకున్నాయో.

జూలై చివరికి సముద్రపు మంచు విరుగుతుంది. అప్పుడు ఫాక్స్ బేసిన్ తన ధనాన్ని పైకి తెస్తుంది. తేలే మంచుపెల్లల మీద వాల్రస్‌లు, ఒకదాని మీద ఒకటి ఒరిగి, దంతాలు ఒకదాని వీపున ఇంకొకటి ఆనించి, దాలుచిని రంగు కొండల్లా. నీ సముద్రం లోతు తక్కువది, అడుగున గుల్లలు విస్తారం, అందుకే వాల్రస్‌లకు నీ సముద్రమే ఇల్లు. పడవలు మెల్లగా దగ్గరవుతాయి. వాల్రస్ పొట్ట కోస్తే అందులో నిండా గుల్లమాంసం, అది వేటగాళ్ళకు అక్కడికక్కడే విందు. మాంసాన్నీ కొవ్వునూ చర్మంలోనే పెట్టి మూటగా కుట్టి, ఒడ్డున గులకరాళ్ళలో పాతిపెడతారు. వేసవి చల్లదనంలో అది మెల్లగా మాగుతుంది. నెలల తరవాత తవ్వి తీస్తే ఇగునాక్. మన ఇళ్ళల్లో జాడీలో ఊరే ఆవకాయకు ఎంత కాలజ్ఞానం కావాలో, అంతకు పదింతలు దీనికి కావాలి. ఏ గట్టున ఎంత లోతున ఎన్నాళ్ళు పాతాలో ఒక తరం ఇంకో తరానికి రాళ్ళు చూపించి నేర్పుతుంది. తప్పితే అది విషం. కుదిరితే ఊరంతటికీ పండగ.

నీటిదారి తెరుచుకోగానే దక్షిణాది నుంచి సరుకుల ఓడ వస్తుంది. ఏడాదికి సరిపడా పిండి, టీ, డీజిలు, పడవ ఇంజన్లు, పెళ్ళికూతురి మంచం, పాపాయి తొట్టి. పిల్లలు ఒడ్డున కేకలు పెడతారు. విమానంలో వచ్చే కూరగాయకు దుకాణంలో కళ్ళు తిరిగే ధర. అందుకని వాల్రస్, సీల్, చార్, కారిబూ ఇప్పటికీ ఒట్టి సంప్రదాయం కావు, నట్టింటి అన్నం. ఇళ్ళు ఇప్పుడు చెక్కవి, ఎప్పుడూ కరగని నేల మీద కాళ్ళెత్తి నిలబడ్డవి. నీళ్ళు లారీలో వస్తాయి. గదులు తక్కువ, మనుషులు ఎక్కువ. అయినా గుమ్మం పక్కన వసారాలో గడ్డకట్టిన చేప ఉంటుంది. లోపల నేల మీద అట్టముక్క పరిచి, దాని మీద పెడతారు. వచ్చినవాడు ఎవరైనా చాకు తీసుకొని కూర్చోవడమే, పిలుపు అక్కరలేదు.

శరత్తు తొందరగా వచ్చి తొందరగా పోతుంది. ఆగస్టు చివరికల్లా కారిబూ బొచ్చు చలికోటుకు సరిగ్గా సరిపోయేంత ఉంటుంది, అంతకుముందు పలచన, ఆపైన మరీ ఒత్తు. ఆ కొద్ది వారాల్లోనే ఏడాది బట్ట. ప్రతి వెంట్రుకా లోపల బోలు, గాలిని బంధించి వెచ్చదనాన్ని కదలనివ్వదు. లోపలి కోటు బొచ్చు ఒంటివైపు, పైకోటు బొచ్చు లోకంవైపు. ఆడవాళ్ళు కారిబూ వెన్ను నరాన్ని చీల్చి దారం తీసి, ఉలూ అనే అర్ధచంద్రపు కత్తితో తోలు కోసి, కుట్టుకు కుట్టు కలుపుతారు. సీల్ తోలు జోడు కుట్టేటప్పుడు సూది తోలు మందంలో సగమే దిగి పక్కకు తిరగాలి, రెండోవైపు తేలకూడదు. తేలితే నీరు దారి వెతుక్కుంటుంది. భర్త ప్రాణం ఆ సగం కుట్టులో ఉంటుంది. వేటగాడి కీర్తి పాడిన లోకం ఈ సూదిమొనను మరిచింది. ఇన్యూట్ ఇళ్ళు మరవలేదు, అక్కడ సూదికున్న గౌరవం అలాంటిది.

ఆ కోట్లన్నిటిలో అమౌతి రాణి. తల్లి పైకోటు వెనక వెడల్పాటి తిత్తి, దానికి పెద్ద టోపీ. పసిబిడ్డ అందులో తల్లి వీపుకు ఒళ్ళు ఆనించి కూర్చుంటుంది. తల్లి చేప కోస్తుంది, మంచు తెస్తుంది, నవ్వుతుంది, బండి ఎక్కుతుంది. బిడ్డ ఆమె భుజం మీదినుంచి లోకాన్ని చూస్తుంది. బయట మైనస్ 30. లోపల తల్లి ఒంటి వేడి, పాల వాసన. ముద్దొస్తే తల్లి ముక్కునూ పెదవినీ బిడ్డ చెంపకు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చుకుంటుంది. వాసనతో ముద్దాడటం అది.

అక్టోబరులో సముద్రం గడ్డకట్టడం మొదలవుతుంది. కొత్త ఉప్పుమంచు మెత్తన, అడుగు వేస్తే అలలా వంగుతుంది. వేటగాడు ఈటెతో పొడిచి దాని మనసు తెలుసుకుంటూ నడుస్తాడు. ఈ మధ్య ఏళ్ళలో అది ఆలస్యంగా గడ్డకడుతోంది, తొందరగా విరుగుతోంది. తాతలు చెప్పిన తేదీలకు మంచు రావడం లేదు. నీ మంచు నీకు గొలుసు కాదు, నీ రహదారి. అది పలచబడితే చుట్టాలకు చుట్టాలు దూరమవుతారు. లోకంలో ఎక్కడెక్కడో మండిన బొగ్గూ నూనే ఇక్కడ ఒక తండ్రి అడుగు కింద మంచును పలచన చేస్తున్నాయి. ఇది అన్యాయం. స్తోత్రంలో కూడా దీన్ని అన్యాయమనే అనాలి.

ఇంకో అన్యాయమూ చెప్పాలి. ఈ వెచ్చదనం ఒకసారి చేతులు మారకుండా తెగిపోబోయింది. 1940ల నుంచి ప్రభుత్వం ఇన్యూట్ మనుషులకు పేర్ల బదులు అంకెలు ఇచ్చింది, ఆ అంకెను చిన్న బిళ్ళ మీద అచ్చుగుద్ది మెడలో వేసుకోమంది. 1955 నుంచి 1969 దాకా ఇగ్లూలిక్ పిల్లల్ని విమానం ఎక్కించి దక్షిణాన చెస్టర్‌ఫీల్డ్ ఇన్లెట్ బడికి, హాస్టలుకు తీసుకుపోయారు. నెలలకు నెలలు అమౌతిలు ఖాళీ అయ్యాయి. తిరిగొచ్చిన పిల్లల్లో కొందరికి సీల్ కోయడం రాలేదు, తల్లితో మాట్లాడాలంటే మాట తడబడింది, ఒంటి మీద ఎవరితోనూ చెప్పుకోలేని గాయాలు. 2019లో కెనడా ప్రభుత్వం ఈ ప్రాంతపు ఇన్యూట్లకు జరిగిన బలవంతపు తరలింపులకూ, వాళ్ళ బండి కుక్కలను చంపేసినందుకూ క్షమాపణ చెప్పింది. క్షమాపణ వచ్చేసరికే ఎంతమంది తల్లులు వెళ్ళిపోయారో.

కానీ ఇగ్లూలిక్, నువ్వు ఊరుకోలేదు. 1970లలో టెలివిజన్ ఇస్తామంటే ఊరు ఓటు వేసి వద్దంది, రెండోసారీ వద్దంది, అందులో మా మాట లేదని. మాట వచ్చాకే తలుపు తీసింది. ఆ ఊరి జకరియాస్ కునుక్ కెమెరా పట్టుకొని, అవ్వల చేత బట్టలు కుట్టించి, తాతల చేత మంచుఇల్లు కట్టించి, ఊరి మనుషులతో, ఊరి మాటతో ‘అటనార్జువాట్’ సినిమా తీశాడు. 2001లో కాన్ చిత్రోత్సవంలో దానికి తొలిచిత్రాలకిచ్చే కెమెరా డోర్ వచ్చింది. వెండితెర మీద దీపం సవరించిన చెయ్యి నిజంగా దీపం సవరించడం తెలిసిన చెయ్యే.

మళ్ళీ చీకటి. ఉత్తరపు వెలుగులు ఆకాశంలో పచ్చగా పరుగెత్తుతాయి. అవి పోయినవాళ్ళు వాల్రస్ పుర్రెతో బంతాట ఆడుకోవడమట. ఈల వేస్తే దగ్గరికి దిగి వస్తాయని పిల్లలకు చెబుతారు, అందుకే పిల్లలు తప్పకుండా ఒకసారి వేసి చూసి ఇంట్లోకి పరుగెత్తుతారు. లోపల ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి, మోచేతులు పట్టుకొని, గొంతు లోతునుంచి ఒకరి ఊపిరిని ఒకరికి అందిస్తూ ఖతజ్జాక్ పాడతారు. గాలి, బాతు, రంపం, మరిగే నీళ్ళు, అన్నీ ఆ రెండు గొంతుల మధ్య తిరుగుతాయి. ముందు నవ్వినవాళ్ళు ఓడిపోయినట్టు. ఎప్పుడూ ఇద్దరూ నవ్వేస్తారు.

ఈ చీకటిలోనే పేర్లు ఇల్లు మారతాయి. బిడ్డ పుడితే పోయినవాళ్ళ పేరు పెడతారు. ఆడా మగా తేడా లేదు ఆ పేరుకు. పేరుతోబాటు ఆ మనిషి గుణమూ, ఆ మనిషి చుట్టరికాలన్నీ వస్తాయి. తాత పేరు పెట్టుకున్న పసిదాన్ని తల్లి ‘నాన్నా’ అంటుంది, అవ్వ తన పెనిమిటిని పలకరించినట్టు పలకరిస్తుంది. మామగారి పేరున్న కొడుకును పేరుపెట్టి పిలవలేక ‘నాన్నా’ అనో ‘బాబూ’ అనో పిలుచుకునే మన కోడళ్ళకు ఈ మర్యాద వెంటనే తెలుస్తుంది. అంకె వేసిన బిళ్ళ ఈ పిలుపును ఆపలేకపోయింది. బిళ్ళ మీద ఏమున్నా, ఇంట్లో ఆ పసిదాని పేరు తాతదే.

డిసెంబరు ఆఖరు వారం ఊరి హాల్లో రాత్రులు తెల్లవార్లూ ఆటలు. ఒకప్పుడు తిమింగలాల వేటకు వచ్చిన నావికులు వదిలిపోయిన అకార్డియన్ మోగుతోంది, అవ్వలూ కుర్రాళ్ళూ జతలు మార్చుకుంటూ దుముకుతున్నారు, అమౌతిలలో పిల్లలు ఆ గంతులకే నిద్రపోతున్నారు. గట్టు రాళ్ళ కింద వేసవిలో పాతిన ఇగునాక్ తవ్వి తెచ్చారు, నేల మీద అట్టలు పరిచారు, ఉలూలు తళుక్కుమంటున్నాయి, ఘాటైన వాసన హాలంతా కమ్ముకుంది. డెబ్భై ఏళ్ళ ముసలాయన అందరికన్నా ముందు ఒక పచ్చటి కొవ్వుముక్క కోసి, తన తల్లి పేరు పెట్టుకున్న మూడేళ్ళ పిల్ల ముందు గొంతుకూర్చొని, ‘అమ్మా, ఇంద’ అని అందిస్తాడు. ఆ అమ్మ రెండు చేతులా లాక్కొని, బుగ్గలకు నూనె కారేలా నమిలి, ఇంకో ముక్క కావాలని గట్టిగా అరుస్తుంది.